హోలీకి ఇచ్చిన ఎండుమాను

చంద్రపూర్ నుంచి బల్లార్‌పూర్ పోయే రోడ్డు మీద, తెలుగువాడ మొదట్లోనే, ఈశ్వరయ్య కట్టెల అడితి ఉండేది. తండ్రి మంచిర్యాల వైపు నుంచి బతకడానికి వచ్చి పెట్టిన అడితి. బామ్ని నుంచి, విసాపూర్ నుంచి ఎడ్లబండ్ల మీద ఎండుకట్టె దిగేది. ఊళ్లో పెళ్లయినా, పదకొండో రోజైనా, హోటలు పొయ్యి వెలిగినా కట్టె ఇక్కడి నుంచే పోవాలి. అందరూ అతన్ని సేటు అని పిలిచేవాళ్లు. ఆ పిలుపంటే అతనికి ఎంత ఇష్టమో అతనెప్పుడూ పైకి చెప్పలేదు గాని, ఎవరైనా మరిచిపోయి వట్టి పేరు పెట్టి పిలిస్తే ఆ పూట తరాజు ముల్లు కాస్త అతని వైపే మొగ్గేదని వాడలో చెప్పుకునేవాళ్లు.

మాను చూడటంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు. గొడ్డలి మడమతో ఒక్క దెబ్బ వేసి చెవి ఒగ్గితే చాలు, లోపల గట్టిదా, డొల్లదా, పచ్చి ఎంత, పుచ్చు ఎంత, అన్నీ చెప్పేవాడు. అతని లెక్కలో ఆకున్నంత వరకే అది చెట్టు. చిగురు వేయడం మానేసిన రోజు నుంచి అది కట్టె. చచ్చిన చెట్టు ఇంకా ఎవరికైనా పనికొస్తుందంటే అది పొయ్యికే అని అతని నమ్మకం. పుట్టి పెరిగింది కట్టెల మధ్య కదా, అంతకన్నా వేరే ఆలోచన రావడానికి దారేది?

తొంభైల మొదట్లో కాలం తిరగబడింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గాని రాని గ్యాసు కనెక్షను ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు ఇంటికి తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాయి. సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పొయ్యిలు పోయాయి. పేపరు మిల్లు బాబులూ కట్టె కొనడం మానేశారు. చివరికి వాడలో వాళ్లు కూడా ఎర్ర సిలిండరు సైకిలు వెనక కట్టుకొని అడితి ముందు నుంచే పోతుంటే ఈశ్వరయ్య తరాజు పక్కన కూర్చొని చూస్తుండేవాడు. అడితి అంటే ఆడవాళ్లు నవ్వే రోజులొచ్చాయి. సేటు అన్న పిలుపు కూడా పలచబడింది.

ఇక అతన్ని సేటుగా నిలబెట్టేది ఏడాదికి ఒక్క రోజే మిగిలింది. అది హోలీ. ఆ వాడలో సగం మంది తెలుగువాళ్లు, సగం మంది మరాఠీవాళ్లు. మనవాళ్లు కాముని పున్నమ అంటారు, వాళ్లు హోలీ అంటారు. పేరు ఎవరికి వారిది, మంట మాత్రం ఒక్కటే. మైదానం నడిమధ్యలో ముందుగా ఒక పెద్ద మాను పాతుతారు, దాన్ని దాండా అంటారు. దాని చుట్టూ పిడకలు, కట్టెలు పేరుస్తారు. దాండాకు కుంకుమ పెట్టాక ఇక దాన్ని ఎవరూ కదిలించకూడదు, కదిలిస్తే వాడకు అరిష్టమని అందరి మాట. ఆ దాండా ఈశ్వరయ్య తండ్రి నాటి నుంచి అడితి నుంచే వస్తుంది. దాన్ని ఇచ్చిన సేటుకు మొదటి కొబ్బరికాయ.

తొంభై నాలుగులో హోలీ దగ్గర పడుతుండగా ఉరాడే వచ్చాడు. ఉరాడే రైల్వేలో పనిచేసేవాడు, హోలీ పెద్దరికం అతనిదే. ఈశ్వరయ్య అతన్ని భావూ అనేవాడు, మరాఠీలో అన్నా అన్నట్టు. మరాఠీవాడైనా ఆ వాడలోనే పుట్టినవాడు కాబట్టి తెలుగు మనకన్నా ధాటిగా మాట్లాడతాడు.

"ఏం సేట్, ఈసారి దాండా ఇస్తున్నవా? లేకుంటే హోలీ కూడ గ్యాసు మీద కానిద్దామా?" అని నవ్వాడు.

ఈశ్వరయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు అతనికి మనసులోంచి రాలేదు. "ఇస్త భావూ. ఎన్నడన్న తక్కువ చేసిన్నా? ఈసారి చంద్రపూర్‌ల ఎవలూ చూడనసొంటిది ఇస్త" అన్నాడు.

అన్నాడే గాని, అడితిలో అంత పెద్ద మాను ఒక్కటే ఉంది, అది ఒక హోటలువాడు బేరం చేసి పెట్టాడు. దాన్ని దేవుడికిస్తే ఆ నెల గడవదు. అప్పుడు అతని కన్ను అడితి వెనక వాగు గట్టు మీద పడింది. అక్కడ ఒక పెద్ద మద్దిచెట్టు. పిడుగు పడి మూడు నాలుగేళ్ల కిందట చచ్చింది. బెరడు ఊడి, తెల్లగా, రెండు చేతులు పైకెత్తినట్టు నిలబడి ఉంది. సర్కారు భూమిలోది, అడిగే నాథుడు లేడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పోతే సర్కారు చెట్టు పోతుంది, పేరేమో తనకొస్తుంది.

పెరట్లో గిన్నెలు తోముతున్న భార్య కమలాక్షి అతను అటు చూడటం కనిపెట్టింది.

"గా చెట్టు కొట్టిస్తరా ఏంది? అండ్ల గా పెద్దముక్కు పిట్ట ఉంటది. మరాఠోళ్లు ధనేశ్ అంటరు సూడుండ్రి, గదే. మొన్నటి దాంక జంట తిరుగుతుండె. ఇప్పుడు ఒక్కటే కనబడుతుంది. మేడిపండ్లు తెచ్చుకుంట రోజుకు ఎన్నిసార్లు వస్తదో గా చెట్టుకే" అంది.

"చచ్చిన చెట్టుల పండు తినెటోడెవడున్నడు? చెదపురుగులు ఏరుక తింటుంటది" అన్నాడు ఈశ్వరయ్య.

"ఏమో. నోట్లె పండు పెట్టుకొని వస్తది, పోయేటప్పుడు ఉండది" అంది కమలాక్షి. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మర్నాడు ఆమె చెల్లెలి కాన్పుకని భద్రావతి బస్సెక్కింది.

గట్టయ్యను పిలిపించాడు. గట్టయ్య అడితిలో మొదటి నుంచీ గొడ్డలి పట్టినవాడు. మాను మీద ఒక దెబ్బ వేసి, "సేటూ, డొల్ల పలుకుతుంది" అన్నాడు. ఈశ్వరయ్య తల ఎత్తి చూశాడు. రెండు కొమ్మలు చీలే చోటికి కొంచెం కింద ఒక తొర్ర. తొర్ర నోరంతా మట్టితో పూడి, మధ్యలో సన్నటి చీలిక మాత్రమే ఉంది. ఆ మట్టిని చూడగానే అతనికి అంతా తెలిసిపోయినట్టయింది. మానులో మట్టి ఉందంటే చెద. అడితిలో అడుగుపెట్టిన ఏ పిల్లవాడికైనా మొదట నేర్పే పాఠం అదే.

"చెద పట్టింది. లోపలంత తినేసింది. అమ్మితే నాలుగు పైసలు రావు. దేవునికి పోనీ" అన్నాడు.

ఎవరూ కొనని మానును దేవుడికిస్తున్నానే అన్న సిగ్గు ఒక్క క్షణం కూడా కలగలేదు. బేరం కుదిరినట్టు హాయిగానే ఉంది.

పక్కన రేకుల ఇళ్లున్నాయని చెట్టును ఊరికే పడగొట్టలేదు. మోకులు కట్టి, పై కొమ్మలు ముందు కోసి, తొర్ర ఉన్న పెద్ద ముక్కను పదిమంది పట్టుకొని పసిబిడ్డను దించినట్టు దించారు. ఆ నేర్పు చూసి వాడంతా శభాష్ అంది. అంత మెత్తగా దించి ఉండకపోతే లోపలున్నది ఆ పూటే చచ్చి ఉండును. అదే దానికి మేలు అయ్యేదని ఈశ్వరయ్య తర్వాత చాలా ఏళ్లు అనుకున్నాడు.

సాయంత్రానికల్లా పక్కనే ఉన్న మైదానంలో గుంత తవ్వి మానును నిలబెట్టారు. అంత ఎత్తు దాండా నిజంగానే ఎవరూ చూసి ఉండలేదు. ఉరాడే భార్య పసుపు కుంకుమ పెట్టింది. "సేట్, మాట నిలబెట్టుకున్నవ్!" అని ఉరాడే భుజం తట్టాడు. పక్క వాడ నుంచి కూడా జనం వచ్చి చూసి పోయారు. ఏడాదిగా గ్యాసు సిలిండర్లకు తలొంచుకున్న మనిషికి అది ఎంత తీపిగా ఉంటుందో మనం అర్థం చేసుకోవచ్చు.

హోలీ నాడు పొద్దున్నే ఈశ్వరయ్య ఒక్కడే మైదానానికి పోయాడు. పని ఏమీ లేదు, తన దాండాను తానే ఒకసారి కళ్లనిండా చూసుకుందామని. చుట్టూ పిడకలు, కట్టెలు నడుము ఎత్తు దాటి పేర్చి ఉన్నాయి. తొర్ర వాటికి చాలా పైన ఉంది. అతను చూస్తుండగానే బూడిదరంగు పిట్ట ఒకటి బరువుగా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి మానును పట్టుకొని వాలింది. పెద్ద వంకరముక్కు. గొంతు కదిలించి ఒక మేడిపండును ముక్కు చివరికి తెచ్చింది. ఆ పండును మట్టిలోని చీలిక దగ్గర పెట్టింది. లోపలి నుంచి ఇంకో ముక్కు కొన కొంచెం బయటికొచ్చి పండును అందుకుంది.

ఈశ్వరయ్య ఉన్నచోటే ఆగి చూశాడు. మగపిట్ట మళ్లీ ఒక పండు తెచ్చి అందించింది, మళ్లీ ఆ కొన వచ్చి తీసుకుంది. అది చెదమట్టి కాదు. లోపలున్న పిట్ట గుడ్ల మీద కూర్చొని తలుపు వేసుకున్న మట్టి. ఇరవై ఏళ్లుగా మాను మీద దెబ్బ వేసి లోపలి సంగతి చెప్పిన మనిషి, బతికున్న ప్రాణిని చెద అనుకున్నాడు. పెళ్లాం చెప్పింది కూడా. నోట్లో పండుతో వస్తుంది, పోయేటప్పుడు ఉండదు అని ఇంత స్పష్టంగా చెప్పింది.

నిచ్చెన తెచ్చుకొని ఎక్కి ఆ మట్టి పగలగొడితే పని అయిపోయేది. మైదానంలో అప్పటికి ఎవరూ లేరు. ఈశ్వరయ్య నిచ్చెన కోసం రెండడుగులు వేశాడు కూడా. అంతలో కలశాలు పట్టుకొని ఆడవాళ్లు వచ్చారు. కుంకుమ పెట్టిన దాండా మీద కాలు పెట్టి ఎక్కితే ఏమంటారు? ఎందుకెక్కావని అడిగితే ఏం చెప్పాలి? తొర్రమానును, పురుగుపట్టిందనుకొని, అమ్ముడుపోదని దేవుడికిచ్చానని చెప్పాలి. ఉరాడే నవ్వుతాడు. ఈ ఏడాదే కాదు, ఇక ఏ ఏడాదీ తనను సేటు అనేవాడు ఉండడు. "మధ్యాహ్నం అందరూ పడుకున్నంక చూద్దాం" అనుకున్నాడు.

మధ్యాహ్నం ఎవరూ పడుకోలేదు. నైవేద్యానికి బొబ్బట్లలాంటి పూరణ్‌పోళీలు వచ్చాయి, దాండాకు దారాలు చుట్టారు. కట్టెలు పక్కవాడవాళ్లు ఎత్తుకుపోకుండా కుర్రాళ్లు కాపలా కూర్చున్నారు, డప్పులు తెచ్చారు. ఆ మోతకు మగపిట్ట దగ్గరికి రాలేకపోయింది. కరెంటు తీగ మీద పండు నోట కరుచుకొని అటూ ఇటూ జరుగుతూ కూర్చుంది. ఈశ్వరయ్య దాన్ని చూడకుండా ఉండాలని తల తిప్పుకుంటాడు, మళ్లీ చూస్తాడు. మింగలేక కక్కలేక అంటారే, అట్లా. ఉరాడే దగ్గరికి రెండుసార్లు పోయాడు. మొదటిసారి కొబ్బరికాయల సంగతి మాట్లాడి వచ్చాడు. రెండోసారి, "భావూ, ఒక మాట" అన్నాడు. "చెప్పు సేట్" అన్నాడు ఉరాడే. "ఈసారి జనం బాగొచ్చిండ్రు" అన్నాడు ఈశ్వరయ్య.

మంట వేడి తగిలితే మట్టి పగలగొట్టుకొని అదే ఎగిరిపోతుందిలే అని అనుకున్నాడు. రెక్కలున్న పిట్ట, అంత పెద్ద ముక్కున్న పిట్ట, ఎందుకు ఎగరదు? చెయ్యాల్సిన పని చెయ్యకుండా ఉండటానికి మనిషికి ఏదో ఒక చిన్న నమ్మకం కావాలి. అతనికి అది దొరికింది.

చీకటి పడే వేళకు మొదటి కొబ్బరికాయ అతని చేతే కొట్టించారు. ఉరాడే కాగడా వెలిగించాడు. డప్పులు జోరందుకున్నాయి. హోలీ అంటించేటప్పుడు నోటి మీద చేత్తో కొట్టుకుంటూ బొబ్బలు పెట్టడం అక్కడి ఆనవాయితీ. వందల మంది ఒక్కసారి బొబ్బలు మొదలుపెట్టారు. ఉరాడే కాగడాతో కట్టెల వైపు వంగాడు.

అప్పుడు ఈశ్వరయ్య నోరు తెరిచాడు. "ఆగుండ్రి!" అని అరిచాడు.

గట్టిగానే అరిచాడు. కాని ఆ బొబ్బల్లో అది కూడా ఒక బొబ్బ. పక్కన ఉన్న కుర్రాడు సేటు కూడా హుషారులో ఉన్నాడనుకొని నవ్వి, ఇంకా గట్టిగా అరిచాడు. ఈశ్వరయ్య తల దించుకున్నాడు. మళ్లీ తల ఎత్తేసరికి మంట దాండాను అందుకుంటోంది. మూడేళ్లు ఎండిన మద్ది, ఎంతసేపు ఆగుతుంది? మట్టి పగలలేదు. తొర్రలోంచి ఏదీ ఎగిరి రాలేదు. తీగ మీది పిట్ట మాత్రం ఒక్కసారి అరిచి చీకట్లోకి పోయింది.

మర్నాడు కమలాక్షి భద్రావతి నుంచి వచ్చింది. పెరట్లోకి పోయి చెట్టు లేకపోవడం చూసి, "కొట్టించిండ్రా?" అంది.

"దేవునికిచ్చిన."

"మరి గా పిట్ట?"

"ఎగిరిపోయింది" అన్నాడు ఈశ్వరయ్య. ఆమె నమ్మింది. మగపిట్ట తర్వాత కొన్నాళ్లు పొద్దున్నే వచ్చి మొద్దు మీదా, మైదానంలోని బూడిద దగ్గరా తిరిగింది. కమలాక్షి దాన్ని చూసి, "పాపం, చెట్టు పోయిందని యాదిచేసుకుంటుంది" అనేది. ఆమె అట్లా అన్నప్పుడల్లా ఈశ్వరయ్య ఏదో పని ఉన్నట్టు అడితిలోకి పోయేవాడు.

అడితి ఆ తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. ఈశ్వరయ్య వెదురు బొంగులు, సెంట్రింగు కర్రలు కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాడు, బతుకు గడిచింది. కేబుల్ టీవీ వచ్చింది. ఒకనాడు అన్నం తింటుంటే జంతువుల ఛానెల్లో ఆ పిట్టే కనిపించింది. ఆడది తొర్రలో కూర్చొని మట్టితో మూసుకుంటుందట. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయట, మళ్లీ మొలిచేదాకా ఎగరలేదట. మగది తెచ్చిపెడితేనే తిండి. తమంతట తాము తొర్ర తొలుచుకోలేవు కాబట్టి పాత చెట్ల కోసం, ఎండిన చెట్ల కోసం ఊరూరా వెతుక్కుంటాయట. "చూసిండ్రా, మన పిట్ట!" అని కమలాక్షి సంబరపడింది. ఈశ్వరయ్య పళ్లెంలో చెయ్యి కడుక్కున్నాడు. ఎగిరిపోతుందిలే అనుకున్న ఆ నమ్మకం ఆ పూటతో పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. నేను అరిచాను, ఎవరికీ వినపడలేదు. దాన్ని పట్టుకొని అతను బతికాడు. నిద్ర పట్టనప్పుడు అదే చెప్పుకునేవాడు. చెప్పకుండా ఉన్నది నిజమే, కాని చివరికి చెప్పాను, దేవుడే వినపడనీయలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఎండిన చెట్టును కొట్టడం అతను మానేశాడు. అడితి ఆవరణలో ఒక వేపచెట్టు చచ్చిపోతే అట్లాగే ఉంచాడు. గట్టయ్య గొడ్డలి తెస్తే వెనక్కి పంపాడు. రెండేళ్లలో దాని నిండా కాపురాలు. పైన తొర్రలో చిలకలు, మధ్యలో గోరింకలు, కింది బొక్కలో పగలంతా కునికే చిన్న గుడ్లగూబ, పైడికంటె. ఈశ్వరయ్య దాని కింద నులకమంచం వేసుకొని పడుకునేవాడు. ధనేశ్ మాత్రం ఎన్నడూ రాలేదు. వస్తుందని అతను చూడని ఎండాకాలం లేదు. సేటుకు ముసలితనంలో పిట్టల పిచ్చి పట్టిందని వాడలో మెచ్చుకునేవాళ్లు. ఆ మెచ్చుకోలు అతనికి చెంపదెబ్బలాగే ఉండేది.

రెండువేల రెండులో హోలీకి ముందు ఉరాడే మళ్లీ వచ్చాడు. రైల్వే నుంచి రిటైరయ్యాడు, జుట్టంతా నెరిసింది. కమలాక్షి చాయ్ ఇచ్చింది. కొన్నేళ్లుగా ఫారెస్టు డిపో నుంచి కొనుక్కొచ్చిన సన్న కర్రలతోనే హోలీ అయిపోతోంది. అందరికీ ఆ తొంభై నాలుగు నాటి దాండానే యాది.

"సేట్, గా వేపచెట్టు ఇయ్యి. ఎండిందే కద, ఊకె నిలబడ్డది. ఒక్కసారి మళ్ల గట్లాంటి హోలీ చేద్దాం" అన్నాడు ఉరాడే.

"ఇయ్య భావూ."

"ఎందుకియ్యవ్?"

ఈశ్వరయ్య వేపచెట్టు వైపు చూశాడు. ఎనిమిదేళ్లు కడుపులో పెట్టుకున్నది, ఎందుకో ఆ పూట ఆగలేదు. చెప్పేశాడు. చెదమట్టి అనుకోవడం, పొద్దున్న పండు అందుకున్న ముక్కు, నిచ్చెన కోసం వేసిన రెండడుగులు, అన్నీ చెప్పాడు. తలుపు దగ్గర కమలాక్షి అట్లాగే నిలబడిపోయింది. ఆమె మొహం చూసే ధైర్యం లేక అతను ఉరాడేనే చూస్తూ చెప్పాడు.

"నా మొకానికి భయపడి ఒక జీవాన్ని కాల్చిన భావూ. సేటు సేటు అనిపిచ్చుకునేటందుకు కాల్చిన. కాని ఆఖరికి ఒర్రిన. నువ్వు కాగడ పెడుతుంటె ఆగుండ్రి అని ఒర్రిన. ఏం చెయ్యాలె, గా మోతల ఎవలకు ఇనబడలే."

ఉరాడే అంతా విన్నాడు. చాయ్ గ్లాసు నేల మీద పెట్టాడు.

"నాకు ఇనబడ్డది సేట్" అన్నాడు.

ఈశ్వరయ్య లేచి నిలబడ్డాడు.

"నా పక్కకే ఉంటివి గద. ఆగుండ్రి అన్నవ్. ఏమైందో అని కాగడ పైకెత్తి నీ మొకం చూసిన. మళ్లొక్కసారి అంటవేమో అని ఆగిన. నువ్వు తల దించుకున్నవ్. ఏం లేదు కావచ్చు అనుకొని అంటుపెట్టిన."